గీసిన కొలత

బేకరీ మాస్టరు తన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్కనాడు కూడా పిండిని గ్లాసుతో కొలవలేదు. గ్లాసుతో కొలిచేవాళ్ళను చూస్తేనే ఆయనకు ఒళ్ళుమంట. పిండైనా ఉప్పైనా కాటా ఎక్కాల్సిందే, ఆఖరికి నీళ్ళయినా సరే తూచే పోయాలి అనేవాడు. గ్లాసుతో ఒకరు పోస్తే ఒక బరువు తూగుతుంది, ఇంకొకరు పోస్తే ఇంకో బరువు తూగుతుంది, కాటా మాత్రం ఎవరు పెట్టినా ఒకే మాట చెబుతుందని ఆయన వాదన. వాదన నిజమే. కాకపోతే ఎప్పుడూ నిజమే చెప్పే మనిషితో కాపురం చెయ్యడం అంత తేలిక కాదు, ఆ సంగతి ఆయన భార్యనడగాలి.

ఆ ఇంట్లోనే అత్తగారు కూడా ఉండేది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేసి ఇరవై ఏళ్ళయింది. ఆవిడ వంటంతా ఒక స్టీలు గ్లాసు మీద నడిచేది. ఆ గ్లాసునైనా అంచుదాకా నింపి ఊరుకుంటుందా, పైన కుప్ప నిలిచేదాకా పోసేది. ఉప్పెంత వేశారని అల్లుడడిగితే సరిపడా వేశానని చెప్పేది. సరిపడా అంటే ఎన్ని గ్రాములని ఈయన. అది నాలుకకు తెలుస్తుంది బాబూ అని ఆవిడ. ఎవరి పిచ్చి వారికానందం అనుకుంటూ కూతురు మధ్యలో కంచాలు పెట్టేది.

ఇంట్లో వాడుకోవడానికి అల్లుడు ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొని అలమారలో పెట్టుకున్నాడు. దాన్ని అత్తగారు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పాడవుతుందని కాదు, ఆవిడ చేతికొస్తే అది కూడా "సుమారుగా" అనడం నేర్చుకుంటుందని ఆయన వెటకారం. ఆవిడ నవ్వి ఊరుకునేది. ఇరవై ఏళ్ళలో అల్లుడికి ఆవిడ ఎదురు చెప్పిన మాట ఒక్కటీ లేదు. అల్లుడు ఆవిడకు చెప్పిన మంచి మాట కూడా ఒక్కటీ లేదు.

అలాంటి మాస్టరుకు ఆ యేడు చూపు మధ్యలో ఒక మసక మచ్చ పడింది. కళ్ళజోడు మురికి పట్టిందనుకుని తుడిచాడు. తుడిచి తుడిచి అద్దం అరిగింది గానీ మచ్చ కదల్లేదు. దేన్ని చూసినా దాని నడుమ ఆ మచ్చ వచ్చి కూర్చునేది. కాగితం చూస్తే అక్షరాలు పోయి అంచులు మిగిలేవి. ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికెళ్ళాడు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది, చూపు మొత్తం పోదు, పక్కల్లో మిగులుతుంది, నడుస్తారు, తిరుగుతారు, పని చేసుకుంటారు, చదవడం మాత్రం ఇక కుదరదని. మాస్టరు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇంట్లో కంటి చుక్కల మందు చూసి భార్య అడిగితే దుమ్ము పడుతోందని చెప్పాడు.

ఏడు నెలలు అలా నెట్టుకొచ్చాడు. ముప్పై ఏళ్ళ చెయ్యి కదా, పిండి బరువు చేతికి చాలావరకు తెలిసేది. మిగతాదానికి కాటా మీద ముక్కు ఆనేంతగా వంగేవాడు. అదేమని పక్కవాళ్ళు అడిగితే నడుం పట్టేసిందనేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నడుం పట్టినవాడు పూటకు పదిసార్లు వంగుతాడా?

చివరికి ఉప్పు దగ్గర దొరికిపోయాడు. ఐదు కిలోల పిండికి తొంభై గ్రాముల ఉప్పు పడాలి. ఆ రోజు కాటా మీద ఆయనకు తొంభై అనే కనిపించింది. నిజానికి అక్కడున్నది నూట తొంభై, ముందరి ఒకటిని మచ్చ మింగేసింది. నూటనలభై బన్నులు ఎర్రగా కాలి చూడముచ్చటగా బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి మొదటి మనిషి వెనక్కి వచ్చాడు. సగం కొరికిన బన్ను బల్ల మీద పెట్టి, తనకు బీపీ ఉందని, తను పోతే ఈ షాపు వాళ్ళకు ఏం కలిసొస్తుందో చెప్పమని అడిగాడు. సాయంత్రానికి అలాంటివాళ్ళు ఇంకో పదకొండు మంది వచ్చారు.

షాపు ఓనరమ్మ మాస్టరు కంటే చాలా చిన్నది, ఆయన చేతి బన్నులు తింటూ పెరిగిన మనిషి. తండ్రి తర్వాత షాపు ఆమె చేతికొచ్చింది. ఆమె అరవలేదు. మాస్టరును లోపలి గదిలోకి పిలిచి, ఒక కాగితం చేతికిచ్చి చదవమంది. ఆయన కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి బల్ల మీద పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి మాస్టారూ?" అంది ఆమె.

ఆయన చెప్పాడు. ఆమెకు కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది, అయినా తినే సరుకు విషయం. ఒక నెల టైమిచ్చింది. ఈ నెలా సరుకులు ఆమే దగ్గరుండి తూచి ఇస్తుంది. నెల తిరిగేసరికి మాస్టరు ఎవరి సాయం లేకుండా ఐదు కిలోల పిండికి అన్నీ సరిగ్గా కొలిచి చూపించాలి. చూపిస్తే పిండి బల్ల ఆయనదే. లేదంటే ముందు గదిలో ఒక కుర్చీ వేయిస్తుంది, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ కూర్చోవచ్చు. ఆమె మర్యాదగానే చెప్పింది. ఆ కుర్చీ మాట మాత్రం మాస్టరుకు గొంతులో ముల్లులా దిగింది. పిండి కలపని మాస్టరు ఏం మాస్టరు? ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో పని మీద ఇష్టమూ లేదు. ముద్ద చేతికింద సాగి, బిగిసి, నున్నబడే ఆ అరగంట కోసమే ఆయన మిగతా రోజంతా బతికేవాడు.

ఇక ఇంట్లో చెప్పక తప్పలేదు. భార్య దర్జీ షాపులో పని ముగించుకుని వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాడు. ఆమె ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. కట్టుకున్నదానికి చెప్పని సంగతి డాక్టరుకు చెప్పుకున్నారా, నేనేమన్నా పరాయిదాన్నా అని. ఆ తిట్లన్నీ సద్దుమణిగాక అత్తగారు లోపల్నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

కూతురు పేజీలు తిప్పింది. అందులో మాస్టరు చేసే పదకొండు రకాలూ ఉన్నాయి, రొట్టె మొదలుకుని బిస్కెట్ల దాకా. ప్రతి సరుకుకూ, ఏళ్ళ తరబడి అల్లుడి నోట విన్న గ్రాముల పక్కన ఎన్ని గ్లాసులో, ఎన్ని చెంచాలో రాసి ఉంది. ఆరు నెలలుగా, అల్లుడు పనికెళ్ళిన తర్వాత, ఆ ముట్టుకోకూడని కాటాను అలమారలోంచి దించి ఆవిడ ఒక్కో సరుకూ తూచి రాసుకుంది. ఇదంతా ఎందుకు చేశావమ్మా అని కూతురడిగింది.

"నీళ్ళు పోసుకునేటప్పుడు గ్లాసు అంచు వేలితో వెతుక్కుంటున్నారు," అంది ఆవిడ. "చూపు ఆనడం లేదని అప్పుడే అర్థమైంది. చెప్పుకోని మనిషిని అడక్కూడదు కదా. రేపెప్పుడైనా కాటా చదవలేకపోతే, గ్లాసైతే చేతికి తెలుస్తుందని రాసి పెట్టాను."

ఆ క్షణాన మాస్టరుకు కలగాల్సింది కృతజ్ఞత. కలిగిందేమో ఉక్రోషం. ఏడు నెలలు గుట్టుగా దాచానని తను మురిసిపోతున్న సంగతి ఈవిడకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. పైగా జాలిపడి తనకు గ్లాసుల లెక్క రాసిపెట్టింది. గ్లాసుల లెక్క, అదీ తనకు. అసలు నా కాటా ఎవరు ముట్టుకోమన్నారు అన్నాడు. దానికి భార్య చూసిన చూపు మచ్చ వెనక పడి ఆయనకు కనిపించలేదు గానీ, కనిపించి ఉంటే ఆ మాట అక్కడే మింగేసేవాడు.

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి కదా, మిగతా దారులన్నీ వెతికాడు. అంకెలు పైకి చదివే కాటా ఉంటుందని ఎవరో చెబితే తెప్పించారు. ఇంట్లో అది చక్కగా మాట్లాడింది. బేకరీలో పిండి మిషను, ఓవెను ఫ్యాను మోతలో దాని గొంతు దానికే వినపడలేదు. చెవి దగ్గరగా పెట్టి వినబోతే గడ్డం తగిలి బరువు మారిపోయేది. బన్నులు చుట్టే ఆవిడ, దానికేం భాగ్యం, నేను చదివి పెడతానంది. ఆవిడ చదివి తను పోస్తే ఇక మాస్టరు ఎవరని ఈయన ఒప్పుకోలేదు. అలా పది రోజులు కరిగిపోయాయి.

ఇక గతి లేక ఒక ఆదివారం ఉదయం ఇంట్లోనే, కిలో పిండితో, అత్తగారి పుస్తకాన్ని పరీక్షకు పెట్టాడు. భార్య చదువుతుంటే ఆయన కొలిచాడు. కిలో పిండికి నాలుగున్నర గ్లాసులు. ఉప్పు రెండు చెంచాలు. ఆరువందల గ్రాముల నీళ్ళకు సరిగ్గా రెండు గ్లాసులు. అన్నీ పడ్డాయి, కలపడం మొదలుపెట్టాడు. ముద్ద రావాల్సిన చోట జావ వచ్చింది. అది వేళ్ళ సందుల్లోంచి జారి, మణికట్టు దాటి, మోచేతిదాకా పాకింది.

అప్పుడు ఆయన నోరు జారింది. ఇరవై ఏళ్ళుగా తను మొత్తుకుంటున్నది ఇదేనని, గ్లాసు లెక్కలన్నీ దిక్కుమాలిన లెక్కలని అరిచాడు. అరిచి ఊరుకోక ఆ స్టీలు గ్లాసును నేలకేసి కొట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని కోడళ్ళ గురించి సామెత చెబుతారు గానీ, అల్లుళ్ళు మాత్రం ఏం తక్కువ తిన్నారు?

"నా కళ్ళు పోయాయి సరే, మీ కళ్ళేమయ్యాయి?" అన్నాడు.

అత్తగారు వంగి గ్లాసు తీసింది, కడిగింది, బోర్లించింది.

మధ్యాహ్నం ఆయన వరండాలో ఒక్కడే కూర్చుంటే ఆవిడ పిండి డబ్బా, ఆ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఒకటికి రెండుసార్లు తూచి రాసిన అంకెలు, వాటిలో తప్పుండదని ఆవిడ నమ్మకం. తప్పు ఇంకెక్కడో ఉండాలి. ఒకసారి నా ముందు గ్లాసు నింపండి బాబూ అంది. ఆయన విసుగ్గానే గ్లాసు ముంచి, చూపుడువేలితో అంచు మీద అడ్డంగా గీసి, పైనున్న పిండిని డబ్బాలోకి రాల్చేశాడు.

"అదేంటి, గీసేశారు?"

"గీయకపోతే కొలతెలా అవుతుందత్తయ్యా?"

ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో ఏ కొలతా అంచుకు లోబడి ఆగింది లేదు. చిన్నప్పుడు పొరుగింటివాళ్ళు పిండి అడగడానికొస్తే ఆవిడ తల్లి గ్లాసు మీద కుప్ప నిలిపి ఇచ్చేది, గీసి ఇచ్చింది ఇవ్వనట్టే లెక్క అనేది. ఇచ్చేటప్పుడు ఎలాగో వండేటప్పుడూ అలాగే. గ్లాసంటే కుప్పతో కలిపే గ్లాసు, ఇంకోలా కొలిచేవాళ్ళుంటారని ఆవిడకు తట్టనే లేదు, అందుకే పుస్తకంలో ఆ ముక్క రాయలేదు. అల్లుడేమో గీయనిదాన్ని కొలతే అనడు, అడగాలని ఆయనకూ తట్టలేదు. దాంతో కిలో పిండిలో పావుకిలోకు పైగా తగ్గిపోయింది. ఉప్పూ అలాగే తగ్గింది. నీళ్ళు మాత్రం ఎవరు పోసినా కుప్పగా నిలవవు కాబట్టి పడాల్సినన్నీ పడ్డాయి. జావ కాక ఇంకేమవుతుంది?

ఇదంతా తేలాక మాస్టరు తలొంచుకున్నాడు. తప్పు ఆవిడ లెక్కలో లేదు, తన లెక్కలోనూ లేదు. ఒకే గ్లాసును రెండు చేతులు రెండు రకాలుగా నింపాయి, అంతే. ఉదయం అన్న మాటను వెనక్కి తీసుకోవాలనిపించింది. అలాంటి మాటలు అలవాటు లేని నోరు, ఎంతకీ పెగల్లేదు. ఆవిడ వాటి కోసం ఆగనూ లేదు. కలం తీసి పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరిదాకా అడ్డంగా కొట్టేసింది.

"మళ్ళీ మొదట్నుంచీ తూద్దాం," అంది. "ఈసారి గీసి."

ఆరు నెలల పనిని అలా ఒక్క నిమిషంలో కొట్టేసిన మనిషిని మాస్టరు అంతకుముందెన్నడూ చూడలేదు. తనైతే వారం రోజులు ఏడ్చేవాడు. ఆ రోజు నుంచే ఆయనలో ఏదో మెత్తబడింది.

రోజూ పని నుంచి రాగానే ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. చేతులు ఆయనవి, కళ్ళు ఆవిడవి. ఆయన నింపితే ఆవిడ కాటా చదివి రాసేది. మధ్యమధ్యలో తను కూడా నింపి చూసేది గానీ, వేలు అంచుదాకా వెళ్ళి ఆగిపోయేది. ఎవరికో ఇచ్చింది లాక్కుంటున్నట్టుంది బాబూ అనేది. ఇది ఎవరికీ ఇచ్చేది కాదత్తయ్యా, ఇది పిండి లెక్క అని ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. ఓపిగ్గా అంటే ఆయన భార్య కూడా మొదట నమ్మలేదు. గుమ్మం దగ్గర నిలబడి చెవులారా విన్నాక నమ్మింది.

ఒకే గ్లాసు, గీసి నింపితే ఒక్కో సరుకుకూ ఒక్కో బరువు. పిండి నూట అరవై గ్రాములు తూగింది. చక్కెర పావుకిలో దాటింది. ఉప్పు మూడువందల అరవై. నీళ్ళు మూడువందలైతే నూనె అంతకంటే పాతిక గ్రాములు తక్కువ. నూనె నీళ్ళ మీద తేలుతుందని ఆవిడకు చిన్నప్పట్నుంచీ తెలుసు, ఎంత తేలికో అంకెల్లో చూడటం అదే మొదలు. తేనె నాలుగువందలు దాటేసరికి ఆశ్చర్యపోయింది. ఇంత బరువుంది కాబట్టే ఒంటికి బలమంటారు కాబోలు అంది. అందుక్కాదత్తయ్యా అని మాస్టరు నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

పిండి దగ్గర ఇంకో తిరకాసు వచ్చింది. సంచి అడుగున అణిగిన పిండిని ముంచితే గ్లాసు నూట తొంభై దాకా తూగేది, పైపై పిండి ఇంకోలా తూగేది. ఆవిడ ముంచి పదిసార్లు, జల్లించి పదిసార్లు తూచింది. ముంచినప్పుడు అంకెలు తలా ఒక దారి పట్టాయి. జల్లించి, చెంచాతో జారవిడిచి, ఆ తర్వాత గీసినప్పుడు పది అంకెలూ పక్కపక్కనే వచ్చాయి. ఇక జల్లించకుండా గ్లాసు ముట్టుకోవద్దని అల్లుడికి ఆర్డరు వేసింది. ముప్పై ఏళ్ళ మాస్టరు బుద్ధిగా తలూపాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఐదు కిలోలంటే ముప్పై ఒక్క గ్లాసులు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పడం ఖాయం. దీనికి ఆవిడ ఆలోచించిన ఉపాయం చూడండి. బరువును గ్లాసుకు సర్దుతూ కూర్చోవడమెందుకు, గ్లాసునే బరువుకు తగ్గట్టు కోయిస్తే పోలా అంది. వీధి చివర డబ్బాలు, గరాట్లు చేసే రేకుల పనాయన ఒకడున్నాడు. కూతురికి సెలవు రోజు చూసుకుని, పిండి సంచి, జల్లెడ, కాటా మోయించుకుని వెళ్ళి అతని కొట్టులో స్టూలు వేసుకుని కూర్చుంది.

అతను డబ్బా చేసిస్తే ఆవిడ జల్లించి నింపి, చెక్క బద్దతో గీసి, తూచేది. కిలో కంటే ఎక్కువ తూగితే అంచు కొంచెం కోయమనేది. మళ్ళీ నింపేది, మళ్ళీ కోయించేది. ఒక వెంట్రుకవాసి ఎక్కువ కోస్తే ఆ డబ్బా పక్కన పెట్టించి కొత్తది మొదలుపెట్టించేది. పాతికేళ్ళుగా రేకు కోస్తున్నాను, అంగుళాల్లో కాకుండా పిండిలో కొలతలిచ్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని అతను మొత్తుకున్నాడట. మొత్తుకుంటూనే కోశాడు. ఆవిడతో వచ్చిన చిక్కే అది, కసరదు, కదలదు.

నాలుగు రోజులు అలా కూర్చుంటే నాలుగు డబ్బాలు తయారయ్యాయి. గీసి నింపితే కిలో పిండి పట్టే పెద్దది ఒకటి, దాన్ని ఐదుసార్లు నింపితే సరి. పావుకిలో చక్కెరకు ఒకటి. తొంభై గ్రాముల ఉప్పుకు ఒకటి. అరవై గ్రాముల ఈస్టుకు ఇంకొకటి, బరువు తక్కువైనా అది ఉప్పు డబ్బా కంటే పెద్దది. చీకట్లోనైనా ఏది ఏదో తెలియాలని పిడులకు రివెట్లు కొట్టించింది. పిండికి ఒకటి, చక్కెరకు రెండు, ఉప్పుకు మూడు, ఈస్టుకు నాలుగు. నీళ్ళకు లీటరున్నర జగ్గు ఒకటి, అంచుదాకా రెండుసార్లు నింపడమే. వెన్న ప్యాకెట్టు ఎలాగూ అరకిలో, కత్తితో సగానికి కోస్తే చాలు.

మిగిలిన రోజులు ఇంట్లో రిహార్సలు నడిచింది. భార్య ఆయన కళ్ళకు తువ్వాలు కట్టి, డబ్బాలు అటూ ఇటూ మార్చేసి, ఉప్పు డబ్బా ఏదో చెప్పమనేది. రెండుసార్లు ఈస్టు డబ్బా పట్టుకుని ఉప్పన్నాడు. మూడో రోజునుంచి తప్పలేదు. నన్ను ఇంత శ్రద్ధగా పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు మీరు అని భార్య ఏడిపించింది.

గడువు రోజున అత్తగారిని కూడా బేకరీకి రమ్మన్నారు. ఆవిడ రానంది. నేనొస్తే నా చెయ్యి పడిందంటారు, మీరు ఒక్కరే వెళ్ళండి అంది.

ఓనరమ్మ బల్లకు అటుపక్క కాటా పెట్టుకుని నిలబడింది. మాస్టరు కొలిచిన ప్రతిదాన్నీ తను తూచాకే గిన్నెలో పోయాలని షరతు. పిండి జల్లించాడు. ఒక్క రివెట్టున్న పిడి వెతికి పట్టుకుని, నింపి, గీసి, అందించాడు. ఆమె ఏం చూసిందో చెప్పలేదు. రెండోది అందించాడు, మూడోది అందించాడు. ఐదూ అయ్యాయి, ఆమె ఇంకా నోరు విప్పలేదు. ఈస్టు అయింది, చక్కెర అయింది. ఉప్పు వంతు వచ్చింది. మూడు రివెట్లూ తడిమి చూసుకున్నాడు, ఎందుకైనా మంచిదని మళ్ళీ తడిమాడు, నింపి, గీసి, చాచిన చేత్తో అందించాడు. ఆమె దాన్ని కాటా మీద పెట్టి అంకె చూసింది.

"తొంభై ఒకటి, మాస్టారూ," అంది ఓనరమ్మ. "పిండి ఐదు డబ్బాల్లోనూ పది గ్రాములకు మించి తేడా రాలేదు. ఇక కలపండి."

ఆయన కలిపాడు. ముద్ద చేతికింద సాగింది, బిగిసింది, నున్నబడింది. ముప్పై ఏళ్ళలో కొన్ని వేలసార్లు చేసిన పనే, అయినా ఆ రోజు ఆయనకు ఎవరో తన చేతులు తనకు తిరిగి ఇచ్చినట్టనిపించింది. బన్నులు బయటికొచ్చాక ఓనరమ్మ ఒకటి విరిచి తింది, కుర్చీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఈ డబ్బాలు ఎవరి ఆలోచన అని మాత్రం అడిగింది. మా అత్తగారిదని చెప్పాడు మాస్టరు. అక్కడితో ఆగలేకపోయాడు. ఆరు నెలల పుస్తకం, గ్లాసు మీద కుప్ప, జల్లెడ, రేకుల కొట్టు, చివరికి తను విసిరికొట్టిన గ్లాసు, అన్న మాట, అన్నీ వరసపెట్టి చెప్పేశాడు. బన్నులు చుట్టే ఆవిడ పని ఆపి కళ్ళొత్తుకుంది. ఇంట్లో నోరు పెగలని మాటలు బయట ఇంత సులువుగా ఎలా వస్తున్నాయో ఆయనకే అర్థం కాలేదు. ఇదంతా ఆవిడతో చెప్పారా అని ఓనరమ్మ అడిగితే ఇంకా లేదన్నాడు. మరి ఇక్కడేం చేస్తున్నారని ఆమె ఆయన్ను అప్పటికప్పుడు ఇంటికి పంపించేసింది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని తర్వాత కూతురు చెప్పింది. ఏమైందని అడిగే ధైర్యం లేక ఆవిడ, త్వరగా వచ్చారేం బాబూ అంది. పిండి బల్ల నాదేనన్నారత్తయ్యా అని చెప్పి, మాస్టరు కుర్చీ లాక్కుని ఆవిడకు ఎదురుగా కూర్చున్నాడు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలు ఎటుపోయాయో పోయాయి. తిన్నగా చూస్తే ఆవిడ మొహం ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ లేదు. తల పక్కకు తిప్పి, కిటికీ వైపు చూపు నిలుపుకుని మొదలుపెట్టాడు.

"ఈ రోజు నేను మాస్టరుగా ఇంటికొచ్చానంటే అది మీ చలవ అత్తయ్యా. ఇరవై ఏళ్ళు మిమ్మల్ని వెటకారం చేశాను. ఆవేళ అనరాని మాట అన్నాను. అయినా మీరు నా పని నాకు నిలబెట్టారు. నన్ను కన్నతల్లి ఉన్నా ఇంతకంటే చేసేది కాదు. మీకు దణ్ణం పెడతాను, నన్ను క్షమించండి."

అల్లుడి నోట ఇలాంటి మాట వినడం ఎలాగో ఆవిడకు తెలియదు, ఎప్పుడూ విన్నది కాదు. కిటికీ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు కాబట్టి ఇంకా మొహమాటపడుతున్నాడనుకుంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన దగ్గర కాస్త చనువు తీసుకుంది.

"ఇంత మంచి మాట గోడకీ కిటికీకీ చెబుతారేం బాబూ," అంది. "నా మొహం చూసి చెప్పండి."

మాస్టరు తల తిప్పలేదు.

"చూస్తూనే చెబుతున్నానత్తయ్యా. ఇలా పక్కకు తిరిగితేనే నాకు మీ మొహం కనిపిస్తుంది," అన్నాడు. "ఏడవకండి."